ఇంజను వేడిమియు, రేడియేటరు మూతయు

మన సంఘ సభ్యులలో ట్రాక్టరు గలవారును, కారు గలవారును, రెండును గలవారును నేడు పెక్కురు. ఎద్దునకు ఎండ తగిలినచో అది నాలుక వెళ్లబెట్టి, నోట నురుగు గ్రక్కి, అడుగు వేయక నిలిచిపోవును. మనము కాడి దించి, చెట్టునీడకు తోలి, నీళ్లు చూపుదుము. ఇంజను అట్లు నిలువదు. లోన ఉడికిపోవుచున్నను తోలువాని మాట విని నడచుచునే యుండును; తానై నిలిచిననాడు మరల లేవదు. తన బాధ చెప్పుకొనుటకు దానికున్న నోరెల్ల డ్రైవరు కన్నులయెదుటి చిన్న ముల్లు, లేక ఎఱ్ఱని దీపము.

ఈ విషయమై వ్రాయుటకు నాకొక కారణము గలదు. 2017వ సంవత్సరము మే నెలలో మా మెట్టచేనిలో రోటావేటరు వేయించుచుంటిని. తోలువాడు నా తమ్ముని కుమారుడు, పందొమ్మిదేండ్లవాడు. పగలు పండ్రెండు గంటలవేళ ట్రాక్టరును గట్టునకు తెచ్చి ఆపి, “పెదనాన్నా, ముల్లు ఎఱుపులోనికి పోయినది” అనెను. నేను మంచముమీదినుండి లేవకయే, “నీళ్లు తగ్గియుండును, మూత తీసి చూడుము” అంటిని. వాడు తువాలు చేతికి చుట్టుకొని మూత త్రిప్పెను. బుస్సుమని మనిషెత్తున ఆవిరియు నీరును లేచినవి. మొగము ప్రక్కకు త్రిప్పుకొనుటచేత కన్నులు దక్కినవి గాని, మెడయు, కుడిభుజమును, ఱొమ్మును బొబ్బలెక్కెను. ఇంటివారు పసుపును కొబ్బరినూనెయు మెత్తిరి. ఎవరో చెప్పగా పండ్లు తోముకొను పేస్టును గూడ పూసిరి. ఆసుపత్రిలో డాక్టరుగారు ఆ మెత్తినదంతయు కడిగి తీయునప్పుడు వాడు పెట్టిన కేకలు కాలినప్పటి కేకలకంటె పెద్దవి. మూత తీయుమన్నవాడను నేనే. ఇరువదియేండ్లు ఇంజనులతో పని చేయించినవాడనయ్యు ఆ మూత క్రింద ఏమున్నదో నాకు తెలియదు. తరువాత తెలిసికొన్నదే ఇచట చెప్పుచున్నాను.

ఇంజనులో ఇంధనము మండగా పుట్టు వేడిమిలో సుమారు మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పు పనిగా మారును. మఱియొక మూడవవంతు పొగగొట్టముగుండ వెళ్లిపోవును. మిగిలినదానిలో హెచ్చుభాగమును మనము నీటిద్వారా వెలికి తీయకున్నచో సిలిండరులును, పిస్టనులును, వానిమీది తలకట్టును ఒకదానినొకటి పట్టుకొని బిగిసిపోవును. 1886లో కార్లు బెంజు నిర్మించిన మొదటి మోటారు బండిలో ఈ నీరు మరగి ఆవిరియై పోవుటయే చల్లార్చు పద్ధతి. తోవలో మాటిమాటికి నీరు పోసికొనవలసి వచ్చెడిది. పిమ్మట విల్హెల్ము మేబాకను జర్మను ఇంజనీరు తేనెపట్టువలె సన్నని గొట్టములు కూర్చిన రేడియేటరును కల్పించి, 1901 నాటి మెర్సిడెసు కారున కమర్చెను. నాటినుండి అదే నీరు తిరిగి తిరిగి పనిచేయుచున్నది.

మన ఊళ్లలోని పాత ఆయిలు ఇంజనులను ఎఱిగినవారికి ఈ ఏర్పాటు తెలియనిది కాదు. నూతినుండి తోడిన నీటిలో కొంత సన్నని గొట్టముగుండ ఇంజను చుట్టును తిరిగి వెచ్చనై కాలువలో పడుచుండెడిది. నూతిలో నీరున్నంతకాలము చల్లదనమునకు కొదువలేదు. ట్రాక్టరునకును కారునకును నూయి వెంట రాదు. కావున కొన్ని లీటర్ల నీటినే మోసికొని తిరుగుచు, ఇంజనులో వేడెక్కినదానిని రేడియేటరులో గాలిచేత చల్లార్చి, మరల ఇంజనులోనికి పంపవలెను. పంపు నీటిని త్రిప్పును. ఫ్యాను గాలిని లాగును.

ఇందులో వేసవి తెచ్చు చిక్కు ఒకటి గలదు. నీటికిని బయటి గాలికిని గల వేడిమి భేదమునుబట్టియే రేడియేటరు పని చేయును. పుష్యమాసపు ఉదయమున గాలి 20 డిగ్రీలు, నీరు 90 డిగ్రీలు నున్నచో భేదము 70. రెంటచింతలలోనో, రామగుండములోనో మే నెల మధ్యాహ్నమున గాలి 45 డిగ్రీల కెక్కినచో అది 45కే పడిపోవును. అదే రేడియేటరు, అదే ఫ్యాను, అదే బరువు. చల్లార్చు శక్తి మాత్రము మూడవవంతునకు పైగా తగ్గినది. శీతకాలమున సగము మూసికొనిపోయినను నెట్టుకొని వచ్చిన రేడియేటరు వేసవిలో పట్టుబడుట కిదియే హేతువు. “నిన్నటిదాక బాగుగ నడచినది” అను మాట మనవారి నోట తఱచుగా వినబడును. నిన్నటి గాలి వేఱు.

ఇక మూత సంగతి. నీరు బయట 100 డిగ్రీలవద్ద మరగునని పాఠశాలలో చదివితిమి. ఒత్తిడి పెరిగినచో మరుగు మట్టమును పెరుగును. రేడియేటరు మూత కేవలము మూత గాదు. అది స్ప్రింగుతో బిగించిన కవాటము. చదరపంగుళమునకు 15 పౌనుల మూత యున్న కారులో నీరు సుమారు 120 డిగ్రీల వఱకు మరగకుండ నీరుగానే యుండును. ట్రాక్టరు మూతలు కొన్ని ఇంతకంటె తక్కువ ఒత్తిడివి. ఎంతదైనను, మూత బిగిసియున్నప్పుడు లోపలి నీరు మరగుటలేదని చూచి అది చల్లగా నున్నదని తలపరాదు. మూత తీసిన క్షణమున ఒత్తిడి పోవును. 110 డిగ్రీలలో నున్న నీటిలో కొంతభాగము ఆ క్షణముననే ఆవిరియగును. లీటరు నీరు ఆవిరియైనచో సుమారు పదునాఱువందల లీటర్ల చోటు కావలెను. ఆ చోటు లేక అది మిగిలిన నీటినంతయు మనమీదికి విసరును. తువాలు చేతిని కాపాడును గాని మొగమును కాపాడదు.

కావున వేడి ఇంజను మూత తీయరాదు. అరగంటయైనను, వేసవిలో గంటయైనను ఆగవలెను. పై గొట్టమును చేతితో మెల్లగ నొక్కి చూడుడు. గట్టిగా ఉబ్బియున్నచో లోన ఒత్తిడి యున్నదని గుర్తు. అది మెత్తబడి, చేయి ఓర్చుకొనగలిగినంత చల్లనైన పిమ్మట దళసరి గుడ్డ మడతలుగా వేసి, మొగము దూరముగ నుంచి, మూతను మొదటి మెట్టువఱకు మాత్రము త్రిప్పి నిలుపుడు. బుస్సుమను చప్పుడు పూర్తిగ నాగిన పిమ్మట క్రిందికి నొక్కి, మిగిలిన చుట్టు త్రిప్పుడు. నేటి కార్లలో పెక్కింటికి ప్రక్కన తెల్లని సీసావంటి తొట్టి యుండి, దానిపై గీతలుండును. మూత తీయకయే నీటి మట్టము అందు కనబడును. ప్రతిదినము ఉదయము ఇంజను త్రిప్పకముందే ఆ గీతను చూచుట అరనిమిషపు పని. కారులో ఇంకొక మోసము గలదు: విద్యుత్తుతో తిరుగు ఫ్యాను ఇంజను ఆపినపిమ్మటను తానై తిరుగ నారంభింపవచ్చును. బానెటు ఎత్తి చేయి పెట్టువారు దీనిని మఱవరాదు. ట్రాక్టరు ఫ్యానుకడ తువాలు కొసయు, పంచె చెఱగును వ్రేలాడనీయరాదు.

త్రోవలోగాని చేనిలోగాని ముల్లు ఎఱుపునకు పోయినచో మొదట చేయవలసినది బరువు దించుట. రోటావేటరు ఎత్తుడు, ఎక్కుడు త్రోవయైనచో ప్రక్కకు తీసి ఆపుడు. నీరు కారిపోకయు, బెల్టు తెగకయు, ఊరక వేడెక్కినచో ఇంజనును వెంటనే ఆపక కొన్ని నిమిషములు నెమ్మదిగా త్రిప్పనిండు. పంపును ఫ్యానును తిరుగుచుండుటచేత లోపలి వేడి బయటికి వచ్చును. నీరు కారినను, బెల్టు తెగినను, ఆవిరి లేచుచున్నను, నూనె దీపము వెలిగినను తత్‌క్షణమే ఆపవలెను. కారులో ఏ.సి. కట్టివేసి, హీటరును పూర్తిగ తెఱచి, దాని గాలిని హెచ్చించినచో ఇంజను వేడిమిలో కొంత లోనికి వచ్చును. మే నెలలో హీటరు వేయుమనుట హాస్యముగ తోచును గాని, అద్దములు దించుకొని నీడ దొరకు చోటు చేరువఱకు ఈ ఉపాయము పనికివచ్చును.

ముల్లు ఎఱుపులోనుండి హఠాత్తుగ క్రిందికి పడినచో సంతోషింపకుడు. నీరంతయు పోయినప్పుడు వేడిమిని కొలుచు సాధనము నీటిలో గాక ఒట్టి గాలిలో మిగిలిపోవును. అప్పుడది తక్కువ వేడిని చూపవచ్చును. చాల ఇంజనులు ఆ అబద్ధపు చల్లదనములోనే పాడైనవి.

ఎండిన ఇంజనులో వెంటనే చన్నీరు పోయుట మఱియొక తప్పు. కాగిన పెనముమీద నీరు పోసినప్పటి సంగతి మన యిల్లాండ్రకు తెలియును. పోత ఇనుము పగులును. కారులలో సాధారణముగ నుండు అల్యూమినియపు తలకట్టు వంకరపోవును. పూర్తిగ చల్లారిన పిమ్మటనే పోయవలెను. తప్పనిసరియైనచో ఇంజనును నెమ్మదిగ త్రిప్పుచు, గోరువెచ్చని నీటిని సన్నని ధారగా పోయుడు. తలకట్టు క్రింది గాస్కెటు పోయినదో లేదో తెలిసికొనుటకు గుర్తులు గలవు: పొగగొట్టమునుండి ఎడతెగని తెల్లని పొగ, నూనె కొలుచు కడ్డీపై మజ్జిగరంగు నురుగు, రేడియేటరులో బుడగలు. వీనిలో ఏది కనబడినను ట్రాక్టరును ఇంటికి తోలుకొనిరాక, లాగించుకొని రండు.

ఒకవేళ ఎవరైన కాలినచో పసుపు, నూనె, సిరా, పేస్టు, పేడ ఏదియు వలదు. మంచుగడ్డయు వలదు. కాలిన చోటిపై ఇరువది నిమిషములు పాఱు చన్నీటిని వదలుడు. బోరు పంపు దగ్గఱనున్నచో అదియే మొదటి వైద్యము. ఉంగరములు, గడియారము, అంటుకొనని బట్టలు తీసివేయుడు. బొబ్బలు చిదుపక శుభ్రమైన గుడ్డ వదులుగ కప్పి ఆసుపత్రికి తీసికొనిపొండు.

వేడెక్కుటకు గల కారణములలో మన ప్రాంతమున మొదటిది దుమ్మును పొట్టును. కోతలనాడు, నూర్పిడినాడు, గడ్డి కట్టలు కట్టునాడు రేడియేటరు ముందరి జాలి ఒక్క పూటలో పొట్టుతో మూసికొనిపోవును. సాయంత్రము ఇంజను చల్లారినపిమ్మట ఫ్యాను వైపునుండి బయటికి, అనగా గాలి వచ్చిన త్రోవకు ఎదురుగ, గాలినిగాని మెల్లని నీటినిగాని కొట్టవలెను. ముందరినుండి కొట్టినచో పొట్టు ఇంకను లోనికి దిగబడును. మిక్కిలి గట్టి నీటి ధార కొట్టినచో సన్నని రేకులు వంగి, మూయరాని మూత మనమే వేసినవారమగుదుము. బెల్టును రెండు చక్రముల నడుమ బొటనవ్రేలితో నొక్కినచో సుమారు అరంగుళము దిగవలెను. హెచ్చుగ దిగినచో వదులు, దిగకున్నచో బిగువు. ఖచ్చితమైన కొలత ఆయా ట్రాక్టరు పుస్తకములో నుండును.

రెండవది ఉప్పునీరు. నూతినీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొర కట్టుట చూచుచున్నాము. అదే పొర ఇంజను లోపల, రేడియేటరు గొట్టములలో కట్టును. ఇనుమునుండి వేడి నీటిలోనికి పోవుటకు ఆ పొర గోడవలె అడ్డుపడును, గొట్టములు పూడిపోవును. పైనుండి చూచినచో రేడియేటరు నిండుగనే యుండును, శుభ్రముగనే యుండును, ఇంజను మాత్రము కాగుచుండును. ఇట్టి ట్రాక్టరుల మీద పెట్టిన సొమ్మునకు లెక్కలేదు. బ్యాటరీకి పోయు శుద్ధజలమునుగాని, డాబామీద పడిన వాననీటిని వడగట్టిగాని వాడినచో ఈ బాధ తప్పును. కూలెంటు కలిపినచో మఱింత మేలు.

కూలెంటు గూర్చి మనలో రెండు అపోహలున్నవి. ఒకటి, అది చలిదేశములవారికే గాని మనకు వలదని. గడ్డకట్టకుండుట దాని గుణములలో నొకటి మాత్రమే. సగము నీరు, సగము గ్లైకాలు కలిపినది మైనస్ 37 డిగ్రీలవఱకు గడ్డకట్టదు. నిజమే, అది లంబసింగివారికిగూడ అక్కఱలేని గుణము. కాని అదే మిశ్రమము నీటికంటె ఎక్కువ వేడివద్దగాని మరగదు. ఇందు కలిపిన మందులు తుప్పును, పొరను అడ్డగించును. మనకు కావలసినవి ఈ రెండును. రెండవ అపోహ, నీరు కలుపక చిక్కగా పోసినచో మఱింత చల్లనగునని. వేడిని మోయుటలో నీటికంటె గ్లైకాలు బలహీనము. ఒట్టి గ్లైకాలు పోసినచో చల్లదనము తగ్గును. కలిపియే అమ్ము రకమును, కలుపుకొనవలసిన రకమును బజారులో రెండును గలవు. డబ్బాపై చదివి కొనుడు. పచ్చదియో, ఎఱ్ఱదియో అను రంగునుబట్టి నమ్మి ఒకదానిలో నొకటి పోయకుడు. రంగు ఆయా తయారీదారుని ఇష్టము.

ఆ గ్లైకాలు విషము. తియ్యగ నుండును గనుక కుక్కలును, దూడలును నాకును. సీసాలో పోసి పెట్టినచో పిల్లలు షరబత్తని త్రాగుదురు. పెద్దవానికైనను నూరు మిల్లీలీటర్లకు అటునిటుగ ప్రాణాంతకము కాగలదు. మొదట మత్తువలె తోచి, పిదప మూత్రపిండములను చెఱచును. విరుగుడు మందు గలదు గాని త్వరగ అందవలెను. త్రాగినట్లు అనుమానము కలిగినచో లక్షణములకై వేచియుండక డబ్బాతోకూడ ఆసుపత్రికి పొండు. పాత కూలెంటును కాలువలోను, పశువుల తొట్టి దాపునను పాఱబోయకుడు.

థర్మోస్టాటను చిన్న భాగము గూర్చి ఒక మాట చెప్పక విడువలేను. ఇంజను వేడెక్కినది అన్నచో మన మెకానిక్కులు కొందఱు మొదట దానిని పీకి పాఱవేయుదురు. అందులోని మైనము వేడికి వ్యాకోచించి, ఎనుబది డిగ్రీలు దాటినప్పుడు తలుపు తెఱచి నీటిని రేడియేటరునకు పంపును. అంతవఱకు ఇంజనును త్వరగ వెచ్చబడనిచ్చును. చల్లని ఇంజను సుఖముగ నుండునను మాట తప్పు. చల్లగ నడచు డీజిలు ఇంజను పూర్తిగ మండింపలేదు. ఇంధనము హెచ్చుగ త్రాగును, నూనె పాడగును, సిలిండరులు అరుగును. కొన్ని ఇంజనులలో ఆ తలుపు లేకున్నచో నీరు రేడియేటరునకు పోక అడ్డదారినే తిరిగి, మునుపటికంటె ఎక్కువ కాగును. అది చెడినచో మార్పించుడు. చెడినదో లేదో చూచుట సులభము: గిన్నెలో నీటితో కాచి చూడుడు, తెఱచుకొన్నచో మంచిది.

కారులోని హీటరు వేఱు యంత్రము గాదు. డ్రైవరు ముందరి పలక వెనుక నుండు రెండవ చిన్న రేడియేటరే అది. ఇంజనులో కాగిన నీరు అందులో తిరుగును. గాలి దానిగుండ వచ్చి వెచ్చనగును. మైదానమున మనకు దాని పని తక్కువ. డిసెంబరు జనవరి మాసములలో లంబసింగికి, అరకునకు పోవువారికి అద్దముపై మంచు పట్టినప్పుడు దాని విలువ తెలియును. అప్పుడు గాలిని అద్దమువైపు త్రిప్పి, బయటి గాలి లోనికి వచ్చునట్లు ఉంచి, ఏ.సి.యు కలిపి వేసినచో తేమ త్వరగ ఆరును. లోన తియ్యని వాసన వచ్చినను, అద్దముపై జిడ్డు పొర పట్టినను, కాళ్లక్రింది తివాసీ తడిసినను హీటరు కారుచున్నదని తెలిసికొని, కూలెంటు మట్టము చూచుకొనవలెను.

హీటరుకంటె, ఏ.సి.కంటె అపాయకరమైనది మూసిన చోట ఇంజను నడపుట. పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగ అంటుకొనును. తలనొప్పి, వికారము, మగత. నిద్రలో నున్నవానికి ఆ గుర్తులుగూడ తెలియవు. పెండ్లిండ్లకు వచ్చిన డ్రైవరులు షెడ్డులో కారు నిలిపి, అద్దములెత్తి, ఏ.సి. వేసికొని నిద్రించుట నేను చూచితిని, చూచినప్పుడెల్ల లేపితిని, తిట్లును తింటిని. అమెరికాలోనున్న మన పిల్లలకు ఇదే అపాయము మంచురూపమున వచ్చును: వెనుక గొట్టము మంచులో కూరుకొనిపోగా హీటరుకొఱకు ఇంజను నడపినచో పొగ కారులోనికి వచ్చును. గొట్టముచుట్టు మంచు త్రవ్విన పిమ్మటనే తాళము త్రిప్పుమని వారికి వ్రాయుడు. మన ఊళ్లలో లోతైన నూతులలో మెట్టుమీద డీజిలు ఇంజను దించి నడపు అలవాటు ఇంకను కొన్నిచోట్ల గలదు. పొగ నూతిలో నిలిచిపోవును; దిగినవాడు పడిపోయినచో, వానిని తీయబోయిన రెండవవాడును పడిపోవును. ఇంజనును గట్టుననే యుంచి గొట్టమును లోనికి దింపుడు.

కూలెంటును చిన్న డబ్బాలుగ కొనుటకంటె సభ్యులు పదిమంది కలిసి సంఘముద్వారా పెద్ద డబ్బాగ తెప్పించుకొన్నచో చౌకపడును. మాలో కొందఱము అట్లే చేయుచున్నాము. ఎవరెప్పుడు ఎంత పోసికొనిరో, ఎప్పుడు మార్చవలెనో ఒక పుస్తకమున వ్రాసి యుంచుచున్నాము. పుస్తకము నా తమ్ముని కుమారుని వశమున నున్నది. వాడు తన ట్రాక్టరు మూతపై ఎఱ్ఱరంగు పూసినాడు. ఉదయము ఇంజను త్రిప్పకముందు తప్ప దానిని ఎవరిని ముట్టనీయడు, నన్నుగూడ.